చంకబిడ్డకు చక్రములేల?

చంకలో బిడ్డ నుంచుకొని ఊరెల్ల వెదకినట్లని మనలో నొక సామెత గలదు. ఆ సామెత పుట్టిన నాటినుండి నేటివరకు బిడ్డ చంకలోనే యున్నది. అది యెవరి చంకయని మాత్రము ఎవ్వరును అడుగలేదు. అడుగనక్కరలేదు గనుకనే అడుగలేదు. అది తల్లిది. తల్లి వంటలో నున్నచో అమ్మమ్మది. అమ్మమ్మకు నడుము పట్టినచో పదియేండ్ల అక్కది. మూడు తరముల ఆడువారి నడుములపై మన పసిబిడ్డలు ఊరేగుచున్నారు. ఈ ఊరేగింపునకు చక్రములు కట్టుదమని యెవ్వరైన నన్నచో, "అబ్బో, దొరబిడ్డలు!" అని నవ్వుట మనవారికి పరిపాటి.

గడచిన మాసమున హరిబౌలిలో మా బంధువుల యింట తొట్టెల పండుగకు పోయియుంటిని. బిడ్డకు మేనమామ మూడు చక్రముల పిల్లబండి నొకటి కొనియిచ్చెదననెను. దుకాణములవారు దీనిని స్ట్రోలరనియు, పాతవారు ప్రామనియు అందురు. ఆ మాట అతని నోటినుండి వెలువడుటయే తడవుగా, తొట్టెల చుట్టునున్నవారు మూడు పక్షములుగా చీలిరి. ఒక పెద్దమ్మ, "సంకల ఎత్తుకునే బిడ్డకు బండెందుకు బిడ్డా? మేమింతమంది పిల్లలను సాకలేదా?" అనెను. ఆమె కుమారుడు చేతి ఫోనులో వెలలు చూచుచు, చవుకగా దొరకు చిన్నచక్రముల మడతబండియే చాలును, మూడు చక్రములు ఆడంబరమనెను. మూడవ పక్షమువారు మిక్కిలి బుద్ధిమంతులు. బండి మంచిదే గాని పాతబస్తీ వీధులలో అది నడువదు, నడువని బండి కొనుట పైకము మూసీలో పారవేయుట యని వారు తీర్పు చెప్పిరి. అందరును తలలూపిరి. మేనమామ వెండి గజ్జెలు కొనుటకు ఒప్పుకొనెను. భోజనములకు లేచితిమి.

నాకు ఆ దినమున అన్నము సయింపలేదు. ఆ తీర్పు అంతకు మూడేండ్ల ముందు మా యింటను వెలువడినది. దానివలన నష్టపడినవారెవరో నేనెరుగుదును.

పెద్దమ్మగారి మాటకు మొదట సమాధానము చెప్పవలెను. పిల్లబండి విదేశీయమనుట నిజమే. 1733లో ఇంగ్లాండున విలియం కెంట్ అను వాస్తుశిల్పి డెవన్‌షైర్ ప్రభువుగారి బిడ్డలకై చిన్నబండి నొకదానిని కల్పించెను. దానిని మేకయో పొట్టిగుర్రమో లాగవలెను. 19వ శతాబ్ది నడుమ మనిషి వెనుకనుండి తోయు బండ్లు లండను వీధులలో బయలుదేరినవి. ఆ తొలినాటి బండ్లలో మూడు చక్రములవి కలవు. ఆ కాలమున వానిని తోసినది తల్లులు గారు, జీతమునకు కుదిరిన దాదులు. 1965లో ఓవెన్ మెక్లారెన్ అను విమానయంత్ర శాస్త్రజ్ఞుడు గొడుగువలె ముడుచుకొను అల్యూమినియము బండిని కల్పించెను. స్పిట్‌ఫైరు యుద్ధవిమానమునకు చక్రపుకాళ్లు కూర్చుటలో పనిచేసిన చేతులవి. ఆ బండితోనే దాదిలేని యింటి తల్లియు బిడ్డను తోసికొని బస్సెక్కగలిగెను. 1984లో అమెరికాలో ఫిల్ బేక్లర్ అను పత్రికోద్యోగి, తాను పరుగెత్తునప్పుడు కుమారుని వెంట గొనిపోవుటకై బండికి సైకిలు చక్రములను తగిలించి అమ్మనారంభించెను. నేటి పెద్దచక్రముల మూడుకాళ్ల బండ్లు ఆ వంశమువే.

విదేశీయమైనచో నేమి? కుట్టుమిషను విదేశీయము. కుళాయి విదేశీయము. పెద్దమ్మగారి కంటియద్దములును విదేశీయములే. అవి యెవ్వరికిని ఆడంబరముగా తోచలేదు. ఆడుదాని నడుముమీది బరువు దింపు వస్తువు వచ్చినపుడే మనకు స్వదేశాభిమానము మేల్కొనును. ఇంతకు మూడు చక్రముల సంగతి మన వడ్రంగికి తెలియనిదా? నడక నేర్చు బిడ్డకు పల్లెలో చేసియిచ్చు కొయ్యబండిని చూడుడు. ముందొక చక్రము, వెనుక రెండు, పట్టుకొనుటకు అడ్డకర్ర. ఎగుడుదిగుడు మట్టివాకిట నాలుగుకాళ్ల పీట తొణకును, ముక్కాలిపీట తొణకదు. ఈ సూత్రము నెరుగుటకు అతడు లండనుకు పోలేదు.

(ఇచ్చట నొక మాట. నడుమ బట్టసీటు, చుట్టు చక్రములు గల గుండ్రని వాకరును, ఈ కొయ్యబండిని ఒకటిగా నెంచరాదు. నిలుచుటయైన రాని బిడ్డను ఆ గుండ్రని వాకరులో కూర్చుండబెట్టిన యెడల, అది క్షణములో మెట్లవైపునకో పొయ్యివైపునకో దూసికొనిపోవును. కెనడా ప్రభుత్వము 2004లో వాని విక్రయమును పూర్తిగా నిషేధించినది. మన దుకాణములలో మాత్రము పాటలు పాడుచు, దీపములు వెలిగించుచు నేటికిని అమ్ముడుపోవుచున్నవి. పిల్లబండిని ఆడంబరమన్న యిండ్లలోనే వీనిని చూచితిని.)

ఇక మా యింటి కథ. మేము శాలిబండ వెనుక గల్లీలో కాపురముందుము. మనుమరాలు పుట్టిన ఐదవ మాసమున నేనే పోయి బండి కొంటిని. కొత్త నగరములోని యొక పెద్ద దుకాణమున అమ్మకపు కుర్రవాడు నాలుగు చిన్నచక్రముల బండిని పాలరాతి నేలమీద చిటికెనవ్రేలితో తోసి చూపెను. అది హంసవలె జారినది. వెల తక్కువ, బరువు తక్కువ. అడుగ దలచిన ప్రశ్న లేదు. ఏబది యేండ్లు పాతబస్తీలో నడచిన కాళ్లు నావి. ఐనను పాలరాతిమీద బండిని చూచి కొంటినే గాని, ఇది మా గల్లీలో నేమగునని తలచితినా? లేదు.

ఆ వారములోనే ఒక సాయంకాలము నేనే బిడ్డను తోసికొని చార్మినారు వైపు బయలుదేరితిని. మురుగుకాలువపై పరచిన యినుప కమ్ముల సందున ముందుచక్ర మొకటి దిగబడెను. బండి అడ్డముగా తిరిగి ముందునకు వ్రాలెను. పట్టీలు బిగించుట కష్టముగా నుండినదని నేను నడుముపట్టీ మాత్రమే పెట్టి, భుజముల పట్టీలను విడిచియుంటిని. బిడ్డ ముందునకు వంగి నుదురు కొట్టుకొనెను. గాయము చిన్నది, ఏడుపు పెద్దది. కూడిన జనమున ఒక్కొక్కరు ఒక్కొక్క మాట యనిరి. ఇంటికి వచ్చునప్పటికే తీర్పు సిద్ధముగా నుండెను. ఈ వీధులలో బండి పనికిరాదు. బిడ్డతో నిక బయటికి పోవలదు.

బండి అటకెక్కెను. తోసినవాడను నేను, పట్టీ విడిచినవాడను నేను, శిక్ష మాత్రము కోడలికి పడినది. అంతవరకు ఆమె దినదినము సాయంకాలము లాల్‌దర్వాజాలోని పుట్టింటికి బిడ్డతో నడచిపోవుచుండెడిది. దారిలో కూరగాయలు కొనుచు, స్నేహితురాండ్రతో నాలుగు మాటలాడుచు తిరిగి వచ్చుచుండెడిది. బిడ్డ బరువు తొమ్మిది కిలోలకు వచ్చుచుండెను. చంకన నెత్తుకొని, చేత సంచితో నంతదూరము నడచుట ఆమె వలన గాదు. ఆటోకు పోను రాను వ్యయము, పైగా అత్తను అడుగుట. నాలుగు మాసము లామె గడప దాటలేదు. ఇంటిలో నెవ్వరును పొమ్మనలేదు, వలదనలేదు. మన యిండ్లలో నిషేధము లిట్లే జరుగును. ఒకనాడు నేను బిడ్డ నుదుట మచ్చ కూడ లేదని సంతోషించుచుండగా ఆమె మెల్లగా, "మామయ్యా, పాప దెబ్బ మూడు దినాలల్ల మానింది, నాకే ఇంకా మానలే" అనెను.

అప్పుడు నాకు సిగ్గు కలిగెను. సిగ్గు కలిగిన తరువాత బుద్ధి కలిగెను. ఈ వరుస నా వంటి వారికి మారదు.

బండి ఏల పడినదో తెలిసికొందమని వీధిలోనికి పోయి పరీక్షించితిని. మదీనా మొదలు శాలిబండ వరకు తోపుడుబండ్లు దినమెల్ల తిరుగుచుండుట మనము చూచుచునే యున్నాము. అరటిపండ్లు, జామపండ్లు క్వింటాలు బరువు పెట్టికొని గుంటలు, రాళ్లు, కాలువమూతలు దాటించి పండ్లవాడు తోయుచున్నాడు. తొమ్మిది కిలోల బిడ్డ పోలేని దారిని క్వింటాలు పండ్లు పోవుచున్నవి. కారణము పండ్లవాని బలముకాదు, చక్రము. అతని బండికి సైకిలు చక్రములున్నవి. నా బండికి నా అరచేతి వెడల్పున్న చక్రములు గలవు.

దీనిలో గణితము గలదు. పదునైదు సెంటీమీటర్ల అడ్డుకొలత గల చక్రమునకు ఐదు సెంటీమీటర్ల రాయి అడ్డుపడిన యెడల, దానిని నేరుగా ముందునకు త్రోసి ఎక్కించుటకు ఆ చక్రముపై నున్న బరువునకు దాదాపు 2.8 రెట్ల బలము కావలెను. ముప్పది సెంటీమీటర్ల చక్రమునకు అదే రాయి అడ్డుపడినచో 1.1 రెట్లు చాలును. రాయి ఏడున్నర సెంటీమీటర్లున్నచో చిన్నచక్రము ఎంత తోసినను ఎక్కనే యెక్కదు, బండియే తలక్రిందగును. పిడిని క్రిందికి నొక్కి ముందుభాగము నెత్తి దాటించుట వేరు. దానికి ముందు రాయి కనబడవలెను గదా! సందెవేళ మా గల్లీలో దీపము వెలుగు దినముల కంటె వెలుగని దినములే ఎక్కువ.

మూడు చక్రముల సుగుణ మిక్కడనే తెలియును. ముందు రెండు చక్రము లున్నచో, ఒకటి గుంటలో పడి రెండవది పడకుండిన యెడల బండి మెలికపడి ప్రక్కకు తిరుగును. మా బండికి జరిగినది అదియే. ముందొకటే యున్నచో, తోయువాడు దృష్టి నుంచవలసిన దారి యొక్కటే. ఆ చక్రమును గుంట తప్పించుట సులభము; తక్కిన రెండును మనకాళ్ల ముందరనే యుండును. మరియు మూడు చక్రములు నేల యెంత వంకరగా నున్నను మూడును నేలనే తాకియుండును. గాలిపోసిన పెద్ద రబ్బరుచక్రము లైనచో బిడ్డ మెడకు కుదుపు తగ్గును. పంక్చరగునని దుకాణదారులు భయపెట్టుదురు. పాతబస్తీలో ఆ భయమేల? మూలమూలకు పంక్చరు దుకాణమున్న ఊరు మనది. పెక్కుబండ్ల చక్రములకు చిన్నపిల్లల పండ్రెండంగుళముల సైకిలు ట్యూబే సరిపోవును.

ఐనను నేను మూడుచక్రముల భక్తుడనై దోషములను దాచను. మూడుకాళ్లది ముందువైపున ఇరుకు. వాలునేలపై మలుపు త్వరగా త్రిప్పినను, బిడ్డ ముందు ప్రక్కకు వంగినను, నాలుగుచక్రముల దానికంటె సులభముగా ఒరుగును. పిడికి కూరసంచి తగిలించుట మనవారి కలవాటు. బిడ్డను దింపగానే బండి వెల్లకిల పడును, ఒకప్పుడు బిడ్డతోనే పడును. సంచి సీటుక్రింది బుట్టలోనే పెట్టవలెను. వెనుక యిరుసు అరువది సెంటీమీటర్లకు మించిన బండ్లున్నవి; ముందు ఇంటి గుమ్మము కొలిచి పిమ్మట దుకాణమునకు పొండు. బరువు పది, పండ్రెండు కిలోలుండును. మూడవ అంతస్తున నుండి మెట్లమీదుగా బిడ్డతోకూడ దానిని దింపవలసిన తల్లికి ఆ బండి వరముకాదు, మరియొక బిడ్డ. అట్టివారు క్రింది యింటివారి నడిగి అరుగుక్రింద చోటు సంపాదింపవలెను. చోటు దొరకనిచో తేలిక బండియే మేలు. ముఖ్యముగా ముందుచక్రము గుండ్రముగా తిరుగుటకును, కావలసినపుడు నిటారుగా బిగియుటకును వీలుండవలెను. బజారు రద్దీలో విడిచి తోయుడు, గతుకులలో బిగించి తోయుడు. బిగింపనిచో పెద్దచక్రము రాతికి తగిలి అడ్డముగా తిరుగును, అప్పుడు మూడైనను నాలుగైనను ఒకటే. పట్టీలు ఐదు: భుజములకు రెండు, నడుమునకు రెండు, కాళ్లనడుమ నొకటి. వానిని బిగించుట కష్టముగా నున్నదని విడిచినవాని కథ పైన చదివితిరి. బిగించుట సులభముగా లేని పట్టీ గల బండిని కొనకుడు, ఏలయన దానిని మనము బిగింపము. ఆరు మాసములు నిండని బిడ్డకు సీటు దాదాపు చదునుగా పరచుకొనవలెను. మెడ నిలువని శిశువును కూర్చుండబెట్టినచో గడ్డము రొమ్మునకు ఆని శ్వాస కడ్డము వచ్చును. చేతికి తగిలించుకొను త్రాడు శాలిబండ వాలులో ఆభరణముకాదు. యూరోపు దేశములలో ఇ.ఎన్. 1888 అను ప్రమాణము ప్రకారము ఈ బండ్ల తాళ్లను, పట్టీలను, నిలుకడను పరీక్షింతురు. ఆ గుర్తు ఉన్నదా యని చూచుటకు పైకము అక్కరలేదు.

వెల యెక్కువ గదా యందురు. నిజము, పదివేలనుండి నలుబదివేలవరకు బండ్లున్నవి. కాని మన యిండ్లలో తొట్టెల యెవరు కొనుచున్నారు? ఒక తొట్టెల నలుగురు అక్కచెల్లెండ్ర యిండ్లు తిరిగి, పదిమంది బిడ్డల నూపి, మరల పుట్టినచోటికి చేరుచున్నది. బండిని మాత్రమేల అట్లు త్రిప్పరాదు? జుమ్మేరాత్ బజారులో పాతబండ్లు దొరకినను దొరకును. అక్కడ రంగు చూడక బ్రేకు చూడుడు, పట్టీల కొక్కెములు చూడుడు, మడత మధ్యలో ముడుచుకొనిపోకుండ తాళము పడుచున్నదా యని పదిమారులు చూడుడు.

ఎండ సంగతియు చెప్పవలసియున్నది. చైత్ర వైశాఖములలో బిడ్డకు నీడయని బండిపై పొడి చీరకొంగు కప్పి నడచు తల్లులను చూచితిని. గాలి ఆడని ఆ గుడారములో వేడి తగ్గదు, పెరుగును. బండిపై కప్పు ఉండవలెను, ముందర తెరచియుండవలెను; పగటి పదిగంటల నుండి సాయంకాలము వరకు బయలుదేరకుండుట అన్నిటికంటె మేలు. పొగ మరియొకటి. ఇంగ్లాండులోని సర్రే విశ్వవిద్యాలయమువారు 2018లో ప్రకటించిన దానినిబట్టి, వాహనముల పొగ నేలనుండి మీటరు ఎత్తులోపలనే దట్టముగా నుండును. బండిలోని శిశువు పీల్చుగాలిలో పెద్దవారి గాలికంటె అరువది శాతము వరకు ఎక్కువ కల్మష ముండవచ్చును. కావున సీటు ఎంత యెత్తున నున్నచో అంత మంచిది. ఆటోల వెనుక బండిని నిలుపరాదు. ఈ వార్త విని, "చూచితిరా, చంకయే మేలు" అని లేచువా రుందురు. పొగను గూర్చి వారికి కలుగు కోపము పొగబండిమీద గాక పిల్లబండిమీదనే ఏల కలుగవలెనో నాకు బోధపడదు.

ఇదియే నేను మొదట హానికరమన్న వాదము. వీధి బాగులేదు గనుక బిడ్డ యింట నుండవలెను. వీధి బాగులేదు గనుక తల్లి యింట నుండవలెను. వీధి బాగులేదు గనుక చక్రముల కుర్చీలో నున్న ముసలివాడును ఇంట నుండవలెను. ఎవ్వరును బయటికి రాని వీధి ఎప్పటికి బాగుపడును? వీధికి తగినట్లు బిడ్డను కుదించుట మనకు వివేకముగా తోచుచున్నది. బిడ్డకు తగినట్లు వీధిని సవరింపుమని అడుగుట తలతిరుగుడుగా తోచుచున్నది.

అడుగుటకు ఆధారము లేదా? భారత రహదారుల కాంగ్రెసువారు 2012లో ప్రకటించిన నియమములలో, నివాసస్థలముల కాలిబాట కనీసము 1.8 మీటర్ల వెడల్పు ఏ యడ్డును లేక యుండవలెననియు, దాని గట్టు ఎత్తు 15 సెంటీమీటర్లకు మించరాదనియు గలదు. 2025 మే 14వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము, అడ్డులేని కాలిబాట పాదచారుల హక్కనియు, అది రాజ్యాంగపు 21వ అధికరణములోని జీవనహక్కులో నంతర్భాగమనియు చెప్పినది. జీవనహక్కు! మనము దానిని గూర్చి ఉపన్యాసములలో వినుచుందుము. అది మా గల్లీ చివర గట్టుకు ఎంత యెత్తున నున్నదో టేపుతో కొలువవచ్చును. నేను కొలిచితిని. ముప్పదియొక్క సెంటీమీటర్లు.

పైకము లేదనువారికి నొక సంగతి. ఆరాంఘరు నుండి జూపార్కు వరకు నాలుగు కిలోమీటర్ల పైవంతెనను 2025 జనవరిలో తెరచిరి. సుమారు ఎనిమిదివందల కోట్ల రూపాయలైనది. వాహనములు నిలువక పోవుట మంచిదే, నేను కాదనను. దానిపై నడచువానికి మాత్రము చోటులేదు. నేల మీద నున్న కాలిబాట గట్టును పదునారు సెంటీమీటర్లు దించుటకు ఎన్ని కోట్లు కావలెను? ఒక మేస్త్రీ, ఒక దినము, రెండు తట్టల సిమెంటు.

ఇది క్రొత్తగా పుట్టిన కోరికయు గాదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద ఊరిని ముంచిన పిమ్మట, 1912లో నగరాభివృద్ధి సంఘమును స్థాపించి బాటలు వెడల్పుచేసిరి. పత్తర్‌గట్టిలో రాతికమానుల వరుసను కట్టి, దుకాణముల ముందు నడచువారికి నీడ కల్పించిరి. మోటారు లెక్కపెట్టదగినన్నియే యున్న ఆ కాలమున నడచువానిని తలచినవారుండిరి. మన కాలముననైన, చార్మినారు చుట్టు వాహనముల నాపి నల్లరాతి పలకలు పరచిన చోట బిడ్డబండి యెట్లు పోవునో చూడుడు. 2021 అక్టోబరులో కొన్ని ఆదివారముల సాయంకాలము అచ్చట "ఏక్ షామ్ చార్మినార్ కే నామ్" అను పేర జనులకు బాట విడిచిరి. బురఖా ధరించిన తల్లులును, బొట్టుపెట్టిన తల్లులును, బిడ్డలను నేల విడిచి హాయిగా నడచుచుండిరి. పాతబస్తీ తల్లులకు బండి నచ్చదని చెప్పువారు ఆ సాయంకాలము లచటికి రాలేదు కాబోలు.

కాలిబాటను ఆక్రమించినవారు చిల్లర వర్తకులని తిట్టి మన కర్తవ్యము తీరినదనుకొనుట మరియొక సులభమార్గము. నేను దానికి పాలుపడను. 2014 చట్టము వారికిని వీధిలో చోటిచ్చినది. వారు రెండు గజములు వాడుకొందురు, ఒక కారు ఆరు గజములు నాపుకొనును. గాజులబండి వెనుకకు జరుపుమన్న జరుపుదురు. నిలిపిన కారు జరుగునా?

ఇక తోయుట యెవరిపని? మా కుమారుడు విద్యావంతుడు, సంస్కారి. స్కూటరుపై బిడ్డను ముందర నిలుపుకొని పోవుటకు అతనికి సంకోచము లేదు. అపాయము ఎంతయున్నను అది మగతనముగనే యుండును. పిల్లబండి తోయుటకు మాత్రము మొదట చేయి రాలేదు. తండ్రి యైన నేను ముందు తోసియుండినను, నేను ముసలివాడను, నాకు పరువుపోదు. యౌవనమున నున్నవాడు నలుగురు చూచుచుండగా బిడ్డను తోసినచో, భార్యకు లొంగినవాడని మొగల్‌పురా మొదలు ఛత్రినాక వరకు చెప్పుకొందురట. చెప్పుకొనుడు. సంస్కరణసభలలో స్త్రీవిద్యను గూర్చి గంటసేపు మాటలాడగలిగిన నోరు, గల్లీలో "అవునయ్యా, నా బిడ్డయే" అని చెప్పలేకపోయినచో ఆ గంటసేపు ఎవరికొరకు మాటలాడినట్లు?

అటకమీది బండిని దింపి, కొత్తనగరమున మొదటి అంతస్తులో పాలరాతినేల గల బంధువులకు ఇచ్చివేసితిమి. అచ్చట అది నేటికిని హంసవలెనే నడచుచున్నది. తరువాత పెద్దచక్రములు మూడుగల బండినొకదానిని, మా తమ్ముని కూతురు వాడి విడిచినదానిని, తెచ్చితిమి. ఈమారు దుకాణపు నేలమీద గాక, కోడలే దానిని మొదట మా గల్లీలో ఒట్టిగాను, పిమ్మట పదికిలోల బియ్యపు సంచితోను మురుగు కమ్ముల మీదుగా మూడుమారులు తోసి చూచెను. నాలుగవమారు బిడ్డను కూర్చుండబెట్టెను. పట్టీలైదును బిగించినది నేను. ఆ సాయంకాలము లాల్‌దర్వాజాకు చేరుటకు ఇరువదియైదు నిమిషములు పట్టెను. వియ్యపురాలు వాకిట నిలిచి బండిని చూడలేదు, కూతురినే చూచుచు నిలిచిపోయెను.

గల్లీ చివరి ముప్పదియొక్క సెంటీమీటర్ల గట్టును గూర్చి, ఫోటోతోను కొలతతోను రెండు అర్జీలు ఒక కార్యాలయమున నిచ్చితిని. రశీదులు నా పెట్టెలో నున్నవి. ఇంతలో గట్టుప్రక్కన అరటిపండ్లమ్మువాడు మా కోడలి అవస్థను నాలుగుదినములు చూచి, ఐదవనాడు తన పాతబండి పలక నొకదానిని గట్టుకు వాలుగా ఆనించి పెట్టెను. ఇప్పుడు ఆ పలకమీదుగా మా బండియు, ఎదురింటి ముసలాయన చక్రముల కుర్చీయు, నీళ్లడబ్బాలు దించు కుర్రవాని బండియు పోవుచున్నవి. వాన వచ్చిన రాత్రులలో అది తడిసి ఉబ్బిపోకుండ ఎవరో తీసి మెట్లక్రింద పెట్టి, తెల్లవారగానే మరల యథాస్థానమున నుంచుచున్నారు. అది యెవరో మాకు తెలియదు.